గదేంగడ్డి కోసం మూడు రోజులు

వనస్థలిపురంలో మా ఇంటి నుంచి ఇబ్రహీంపట్నానికి బస్సులో గంటా పావు. దీన్ని యాత్ర అనడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ నిరుడు కాశీ వెళ్లొచ్చిన మా బావమరిది, అక్కడ ఇడ్లీ బాగాలేదన్న సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేకపోయాడు. దూరం వెళ్లినంత మాత్రాన మనిషికి చూపు రాదని అప్పుడే తేలిపోయింది. నేను దగ్గరికే వెళ్లాను. వెళ్లింది ఒక గడ్డిని చూడటానికి.

నా భార్య సుగుణ డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పేది. మార్చిలో ఒక పొద్దున, కాఫీ తాగిన గ్లాసు సింకులో పెట్టి వచ్చి కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆవిడ ప్రకృతి ఒడిలో కలిసిపోయిందన్నారు. ఆవిడ విద్యుత్ దహనవాటికలో కాలిపోయింది. నేను దగ్గరుండి చూశాను.

అక్టోబరు ఆఖరున ఆవిడ పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. పోయినవాళ్లకు ఉత్తరాలు రాయడం మన కార్యాలయాలకు అలవాటే. ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అంటించి, పుస్తకాల్లాగా బీరువాల్లో దాచే చోటును హెర్బేరియం అంటారు. సుగుణ ఎన్నో ఏళ్ల కిందట అలాంటి చోట ఇచ్చిన ఒక గడ్డి నమూనాకు పువ్వు లేదట. పువ్వు చూడనిదే గడ్డి ఏ జాతిదో తేల్చలేరు. నవంబరు నెలాఖరులోగా పూసిన నమూనా ఇవ్వకపోతే ఆ అట్టను తీసేస్తామని రాశారు.

ఆ గడ్డి గురించి నాకు తెలిసినదంతా సుగుణ నోట విన్నదే. అది బహువార్షికం. ఏటా చచ్చి గింజలోంచి మళ్లీ పుట్టేది కాదు. పైన ఎండిపోయినా అడుగున దుబ్బు బతికే ఉంటుంది. దుబ్బు మొదలు చూస్తే పోయినేటి ఆకుల తొడుగులు, అంతకు ముందటేటివి పొరలు పొరలుగా అంటుకుని ఉంటాయి. పరుపు బండ మీద జానెడు కూడా లేని గరుకు మన్నులో, వానలు వెళ్లాక కూడా సన్నటి ఊట ఆడే చోట మాత్రమే పెరుగుతుంది. సుగుణ మా బాల్కనీలో కుండీలో నాలుగుసార్లు పెట్టింది. నాలుగుసార్లూ కుళ్లిపోయింది. ప్రపంచంలో ఇది మూడు చోట్ల ఉందని, మూడూ ఈ జిల్లాలోనే ఉన్నాయని, దీన్ని ఇంతవరకు ఎవరూ వేరే జాతిగా గుర్తించలేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకానికి ఉన్న సాక్ష్యం ఆ ఒక్క అట్ట.

అట్ట మీద ఆవిడ రాసిన వివరాల నకలు ఉత్తరంతో పాటు పంపారు. మూడు ఊళ్ల పేర్లున్నాయి. చివర ఇలా ఉంది. స్థానిక నామం: గదేంగడ్డి.

నేను ముప్పై రెండేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆ పేరులో నాకు ఏ తప్పూ కనబడలేదు. ఆవిడ మొక్కలను అదిమే చెక్క పలకలు రెండూ బెల్టుతో కట్టి, భుజాన వేసుకుని బయల్దేరాను.

నాదర్‌గుల్

విమానాలు నడపడం నేర్పే మైదానానికి తూర్పున బండ వాలు ఉందని సుగుణ అట్ట మీద రాసింది. తూర్పున ఇప్పుడు కాలనీ ఉంది. వీధులకు నంబర్లు, ఇళ్లకు గ్రానైటు పలకలు. ఆ పలకలు ఏ బండను కోసి తెచ్చారో అడిగితే ఎవరికీ తెలియదు. పైన చిన్న విమానం ఒకటి వేసిన చుట్టే మళ్లీ మళ్లీ వేస్తోంది. నేర్చుకునేవాళ్లు అంతే. కింద నేనూ రెండు గంటల సేపు అదే చేశాను.

కాలనీ మధ్యలో పార్కు. పార్కులో మెక్సికన్ గడ్డి. చాపల్లా చుట్టి, అడుగుల చొప్పున అమ్ముతారు. 'గడ్డిపై నడవరాదు' అని బోర్డు పెట్టారు. గడ్డి పుట్టిందే తొక్కించుకోవడానికి, మేయించుకోవడానికి. మిగతా మొక్కలకు పెరిగే మొన కొసన ఉంటే గడ్డికి నేలకు దగ్గరగా ఉంటుంది. అందుకే ఎంత మేసినా మళ్లీ వస్తుంది. ఇక్కడ దాన్ని పూయనివ్వరు, గింజ పట్టనివ్వరు, నడవనివ్వరు. మా వీధిలో కొందరు పిల్లల్ని ఇలాగే పెంచుతున్నారు.

గోడ వారగా మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం పడిపోయింది సార్? ఉంగరమా?"

"ఏమీ పడిపోలేదు. గడ్డి చూస్తున్నాను."

"గడ్డి సూసుడేంది? లెవ్వు సార్, జల్ది. ప్రెసిడెంట్ సారు సూస్తె నన్ను తిడ్తడు."

బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. చాయ్ పదిహేను రూపాయలు. పంచదార పాకంలో నాలుగు చుక్కల పాలు వేసినట్టుంది. కొట్టు నడిపే అతనికి యాభై ఏళ్లుంటాయి. ఊరివాడే అని మాటను బట్టి తెలుస్తోంది.

"ఇక్కడ గదేంగడ్డి ఎక్కడ పెరుగుతుందండీ?" అని అడిగాను.

"గదేం గడ్డి?" అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. "అవునండీ, అదే. మీకు తెలుసా?"

"ఏది తెలుసా?"

"గదేంగడ్డి."

"గదే అడుగుతున్న సార్. గదేం గడ్డి?"

"అదే గడ్డి!"

అతను గరిటె గిన్నెలో పెట్టేశాడు. "చాయ్ పైసలు ఇయ్యకున్నా మంచిదే గని, ఇంటికి పో సార్. ఎండ మంచిగ లేదు" అన్నాడు. అది నవంబరు మొదటి వారం. ఎండే లేదు.

మహేశ్వరం

మర్నాడు మహేశ్వరం వైపు వెళ్లాను. ఇక్కడ బండ వాలు అలాగే ఉంది. ఊట కూడా ఉంది. గడ్డి లేదు. వాలంతా పారతో గీకి, వరసగా గుంతలు తీసి, గుంతకొక మొక్క నాటి, మొక్కకొక కర్ర పాతారు. మొక్కలు ఎండిపోయాయి. కర్రలు బాగున్నాయి. బండ మొదట్లో, ఈ కొండను పచ్చగా మార్చామని చెప్పే బోర్డు ఉంది. దాని మీద నవ్వుతున్న ముఖాలు మొక్కల కంటే ఎక్కువ.

అక్కడ నర్సయ్య అనే ముసలాయన ఒక్కడే ఉన్నాడు. మొక్కలకు నీళ్లు పోయడానికి కుదుర్చుకున్నారట. ఎండిన మొక్కలకు శ్రద్ధగా పోస్తున్నాడు.

"ఇక్కడి గడ్డి ఎవరు గీకేశారు?" అన్నాను.

"నేనే. కూలికి పిలిస్తె వచ్చిన. గడ్డి గీకుడు ఒక దినం, గుంతలు తీసుడు మూడు దినాలు, ఫోటోలు దిగుడు ఒక దినం."

"మొక్కలు బతకలేదే?"

"గా సంగతి ఎవలడిగిన్రు?" అన్నాడు.

గీకిన గడ్డి కొంచెం మిగిలిందేమోనని బండ సందుల్లో గంటసేపు వెతికాను. కాలు జారి మోచెయ్యి గీసుకుపోయింది. నర్సయ్య నీళ్ల డబ్బాతో కడిగి, తన సద్దిలోంచి సగం జొన్నరొట్టె విరిచి నా చేతిలో పెట్టాడు. మీద పుంటికూర తొక్కు.

"దీన్ని మేం గోంగూర అంటాం" అన్నాను.

"నువ్వు గోంగూర అను, నేను పుంటికూర అంట. నోరైతె ఇద్దరికి మండుతది" అన్నాడు. మా వైపు ఇంత కారం తిన్నాక గడ్డపెరుగు ఉంటుంది. ఇక్కడ నీళ్లు తాగాలి. అవీ మొక్కలకు పోసే నీళ్లే.

గదేంగడ్డి గురించి అడిగాను. "గడ్డికి గదేంది గిదేంది అని పేర్లుంటయా సార్" అని నవ్వాడు. ఇతనికీ తెలియదు పాపం అనుకున్నాను. చదువుకున్నవాడి జాలి ఎంత అసహ్యంగా ఉంటుందో మరునాడు తెలిసింది.

ఇబ్రహీంపట్నం

మూడో రోజు ఇబ్రహీంపట్నంలో బస్సు దిగి, ఊరు దాటేదాకా ఆటో ఎక్కాను. ఈ వాలు ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది. దాని ముందు పెద్ద కమాను కట్టారు. వెంచరు. ఇంగ్లీషులో ఏదో మెడోస్ అని పేరు. మెడో అంటే పచ్చికబయలు. పచ్చికను పెళ్లగించి, దాని పేరు గేటుకు తగిలించుకోవడం ఇప్పటి పద్ధతి. చుట్టూ రాతి కడీలు పాతి ముళ్లతీగ లాగారు. గేటు పక్కన పరుపంత మెక్సికన్ గడ్డి. దానికి పైపుతో నీళ్లు కొడుతోంది ఒకావిడ. అరవై దాటి ఉంటాయి.

ఆవిడ నన్ను చూడలేదు, నా భుజాన ఉన్న పలకల్ని చూసింది.

"గా పలకలు మేడంయి గదా. మేడం రాలే?"

"లేదమ్మా. మార్చిలో పోయింది."

"ఏడికి?"

మా వైపు ఆ మాట అంటే చాలు, అవతలివాళ్లు తల దించుకుంటారు. ఇక్కడ చాలలేదు. "చనిపోయింది" అన్నాను.

ఆవిడ పైపు కింద పడేసింది. "ఏమైండె?"

"గుండె."

"నొప్పి మస్తు పడ్డదా?"

"లేదు. కుర్చీలో కూర్చుని ఉండగానే."

"గట్లయితె జర నయమే" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "నువ్వు ఆమె పెనిమిటివా? తప్పులు దిద్దే సారువు?" అని అడిగింది.

ఎనిమిది నెలల్లో నన్ను ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. అందరూ ఆత్మ గురించి మాట్లాడారు.

ఆవిడ పేరు పోచమ్మ. ఈ వాలు మీద ముప్పై ఏళ్లు మేకలు కాసింది. సుగుణ వచ్చినప్పుడల్లా ఆవిడే దారి చూపేదట. నేను గదేంగడ్డి కోసం వచ్చానని చెప్పాను. పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఏమిటమ్మా?"

"ఏం లేదు సారూ. మేడం మొదలు వచ్చిన్నాడు నన్ను అడిగింది, ఇదేం గడ్డమ్మా అని. గదేం గడ్డో నాకేం ఎర్క, మేకలనడుగు అన్న. ఆమె బుక్కుల రాసుకున్నది. మల్ల వచ్చి, పోచమ్మా, మన గదేంగడ్డి ఎట్లుంది అంటది. నాకు నవ్వాగలే. అంత సదువుకున్న మనిషికి ఎట్ల చెప్పాలె?"

అప్పుడు అర్థమైంది. అది పేరు కాదు. అదేం గడ్డి అని అడగడం. టీ కొట్టు అతను రెండుసార్లు అడిగాడు, నర్సయ్య అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. నేను ముప్పై రెండేళ్లు ఈ గడ్డ మీదే ఉండి, కాగితం మీద 'వచ్చిన' కనబడితే 'వచ్చాను' అనీ, 'గది' కనబడితే 'అది' అనీ దిద్ది జీతం తీసుకున్నాను. ఎర్ర సిరాతో కొట్టేసిన మాట చెవికి ఎలా వినబడుతుంది? సుగుణది ఒక్క తప్పు. నేను దిద్దినవాటికి లెక్క లేదు.

"ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదా?" అన్నాను.

"చెప్పిన. రెండేండ్ల కింద. గీ రాయి మీదనే కూసోని కండ్లల్ల నీళ్లొచ్చేదాంక నవ్వింది. కాయితంల కొట్టెయ్ మేడం అన్న. అప్పటికే మా కోడలు, మా వాడకట్టు నాలుగిండ్లోళ్లం అందరం గట్లనే అంటున్నం. మేకలను గదేంగడ్డి దిక్కు తోలు అంటం. ఆమె నోట ఇని ఇని మాకూ అలవాటాయె. గప్పుడు మేడం ఏమన్నదంటే, మీరంత పిలుస్తున్నరు గద పోచమ్మా, ఇంక గదే దాని పేరు, ఉండనీ అన్నది."

"నాకు చెప్పలేదు."

"చెప్పనన్నది. మా ఆయనకు చెప్తె దిద్దుతడు అన్నది."

నిజమే. దిద్దేవాణ్ణి.

"అంతకు ముందు దానికి పేరే లేదా?"

"మేకలు తినే గడ్డికి పేరెందుకు సారూ? పేరు పెట్టి పిలిస్తె వస్తదా?"

అట్ట సంగతి చెప్పాను. పువ్వు లేకపోతే తీసేస్తారని, సుగుణ ఇన్నేళ్లలో పువ్వు ఎందుకు తేలేకపోయిందో నాకు తెలియదని చెప్పాను.

"ఎట్ల తెస్తది? నా మేకలు పూయనిస్తె గద. కంకి ఎత్తంగనే తలకాయలు కొరికేటియి. గీ యాడాది కంచె ఏసిన్రు. మేకలను ఏడ మేపాలె? అమ్ముకున్న. ఇగ సూడు, పువ్వే పువ్వు." కడీల అవతలికి చెయ్యి చూపించింది. "మేడం ఉంటె మంచిగుండు."

కంచె మేకల్ని ఆపింది. అందుకే, సుగుణ దాన్ని ఎరిగినప్పటి నుంచి మొదటిసారి, ఆవిడ పోయాక అది పూసింది. ఈ వెంచరు చేసిన ఒకే ఒక మేలు అది. అదీ తెలియక చేసింది.

"లోపలికి రానిస్తారా?"

"గడ్డి కోసం అంటె రానియ్యరు. ప్లాటు కొంట అను. కుర్చేసి కూసోబెడ్తరు."

కంచె లోపల

నిజంగానే కుర్చీ వేశారు. చల్లటి నీళ్ల సీసా, జీడిపప్పు బిస్కెట్లు ఇచ్చారు. ఏజెంటు పేరు మల్లేశ్, ముప్పై ఏళ్లవాడు. ఈ పక్క ఊరివాడేనట. నేను జీవితంలో ఆడిన అబద్ధాల్లో ఎదుటివాళ్లు ఇంత తేలిగ్గా నమ్మినది ఇంకొకటి లేదు.

"ఈస్ట్ ఫేసింగ్ చూద్దామా అంకుల్, వెస్టా?"

"బండ దగ్గర."

"బండ ఉండది అంకుల్. సోమవారం నుంచి పేల్చుడే. మొత్తం సాఫ్ చేసి పార్క్ పెడ్తం. ఫుల్ గ్రీనరీ. మీరు జర ఫికర్ చెయ్యకున్రి."

ఆ రోజు గురువారం.

బండ దగ్గరికి నడిచాం. మోకాలెత్తు దుబ్బులు, ఊట వెంబడి సన్నటి వరసలో, మహా అయితే నలభై అడుగుల మేర ఉన్నాయి. అంతే. దూరం నుంచి చూస్తే మామూలు గడ్డే. దగ్గరికి వెళ్తే కాడ కణుపులు ఊదారంగులో ఉన్నాయి, సుగుణ రాసినట్టే. ఆకు కాడకు అంటుకునే చోట తెల్లటి నూగు అంచు ఉంది. అదీ రాసినట్టే. కంకిలో గింజలు జంటలు జంటలు. ఒకటి కాడకు అతుక్కుని, ఒకటి చిన్న తొడిమ మీద. అతుక్కున్నదానికి గోధుమరంగు ముల్లు ఉంది. ఇవి ఆవిడ రాయలేదు. ఆవిడ చూడలేదు.

పలకలు విప్పి, పాత దినపత్రిక కాగితాలు పరిచాను. చిన్న గునపంతో ఒక దుబ్బును వేళ్లతో సహా లేపాను. పోయినేటి తొడుగులు, అంతకు ముందటేటివి, పొరలు అన్నీ ఉన్నాయి. ఒకటి చాలు, రెండోది తవ్వొద్దని సుగుణ విద్యార్థులకు చెప్పేది. సోమవారం పేల్చబోయే చోట కూడా నేను ఒకటే తవ్వాను. పూసిన కాడలు ఆరు కోశాను.

మల్లేశ్ మొదట ఫోన్ చూసుకున్నాడు. తరవాత నన్ను చూశాడు. ఒక గింజ అరచేతిలో పెట్టుకుని ముల్లుకు ఉమ్మి తడి చేశాను. ముల్లు మెలి విప్పుకుంటూ నెమ్మదిగా తిరిగింది. తడికి విప్పుకుని, ఎండకు చుట్టుకుని, అలా తిరుగుతూ గింజను నేలలోకి దించుతుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు. నేల ఉంటే చాలు.

మల్లేశ్ వంగి చూశాడు. వెంచరు గొంతు పోయి, అతని సొంత గొంతు వచ్చింది.

"గదేం గడ్డి అంకుల్?"

"అవును" అన్నాను.

"ఏంది అవును?"

"అదే. గదేంగడ్డి."

నన్ను ఎగాదిగా చూసి, ప్లాటు ఊసు మళ్లీ ఎత్తలేదు. మిగిలిన బిస్కెట్ల పళ్లెం లోపలికి పట్టుకుపోయాడు.

గేటు దగ్గర పోచమ్మకు పలకల సందులోంచి పూసిన కాడ చూపించాను. కుడిచేతి వేళ్లతో కంకిని తాకింది. "గింత దానికి గంత సదువా" అని, పైపు తీసుకుని మెక్సికన్ గడ్డి దగ్గరికి వెళ్లిపోయింది.

అట్ట

నాలుగు రోజులు కాగితాలు మార్చి ఎండబెట్టాను. సోమవారం ఇంట్లోనే ఉన్నాను. బండ పేలిన శబ్దం వనస్థలిపురం దాకా వినబడదు.

మంగళవారం హెర్బేరియంకు తీసుకెళ్లాను. అట్టలు చూసుకునే అమ్మాయి నల్గొండ వైపు పిల్ల. భూతద్దంతో కంకిని చాలాసేపు చూసింది. దీన్ని పోలినది తమ దగ్గర ఇంకొకటి లేదని, జాతి ఏదో తేల్చడానికి సమయం పడుతుందని, ఈలోపు అట్ట ఎక్కడికీ పోదని చెప్పింది. ఉత్తరం రాసినవాళ్ల కంటే మర్యాద తెలిసిన పిల్ల. కొత్త నమూనాను పాతదాని పక్కన అంటించింది. ఎక్కడ పెరుగుతుంది అన్న చోట, సుగుణ రాసిన మూడు ఊళ్ల పేర్ల పక్కనా 'ఇప్పుడు లేదు' అని నేనే రాశాను. మూడుసార్లు రాయాల్సి వచ్చింది.

అప్పుడు చూశాను. స్థానిక నామం మీద ఎవరో పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశారు.

"నేనే సార్" అంది ఆ అమ్మాయి. నవ్వు ఆపుకుంటోంది. "అది పేరు కాదు సార్. గదేం గడ్డి అని అడుగుడు. మేడంకు ఎవరో చెప్తె పేరనుకున్నరు."

"తెలుసమ్మా. కానీ ఇప్పుడు అదే పేరు. ఇబ్రహీంపట్నంలో నాలుగిళ్లవాళ్లు పిలుస్తారు."

"నాలుగిండ్లేనా?"

"గడ్డి నలభై అడుగులే ఉండేది."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. పెన్సిల్ అడిగి తీసుకున్నాను. ప్రూఫుల్లో కొట్టేసిన మాటను మళ్లీ నిలబెట్టాలంటే దాని కింద వరసగా చుక్కలు పెడతారు. నా ఉద్యోగంలో ఆ గుర్తు వాడిన రోజులు చాలా తక్కువ. సుగుణ దస్తూరీ కింద, అక్షరానికి ఒకటి చొప్పున, నాలుగు చుక్కలు పెట్టాను.

"ఏంది సార్ ఇవి?"

"ఉండనీ అని" అన్నాను.